వాళ్ళ తొమ్మిదిన్నర, మా ఒంటిగంట

మా ఇంట్లో గడియారాన్ని ఎవరూ ఏనాడూ ముందుకు తిప్పలేదు, వెనక్కి తిప్పలేదు. అయినా ఆ మార్చి నెలాఖరున నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. వచ్చే శనివారం నుంచి మీ క్లాసు మీ సమయం ప్రకారం ఒక గంట ముందుకు జరిగింది, గమనించగలరు, అని. రెండింటి క్లాసు ఒంటిగంటకు వచ్చింది. మీకు వీలవుతుందా అని అడగలేదు. జరిగింది అని చెప్పారు, అంతే. ఎక్కడో వేల మైళ్ళ అవతల ఒక దేశం ఎండాకాలం కోసం తన గడియారాలు మార్చుకుంటే, బళ్ళారి సత్యనారాయణపేటలో నా అన్నం వేళ మారిపోయింది.

నేను తెలుగు టీచరును. బళ్ళారిలో ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్ళు తెలుగు చెప్పాను. ఏటేటా తెలుగు తీసుకునే పిల్లలు తగ్గిపోయి, చివరికి ఆ సబ్జెక్టునే ఎత్తేశారు. మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగే మాట్లాడుకుంటారు. కూరగాయల బండి దగ్గర తెలుగు, ఆటోలో తెలుగు, బ్రూస్‌పేట బట్టల కొట్లలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. ఇంత తెలుగు ఉన్న ఊళ్ళో తెలుగు టీచరుకు పని లేదన్నారు. ఆ కోపం నాకు ఈనాటికీ ఉంది. కొన్నాళ్ళకు బెంగళూరులోని ఒక సంస్థ ఫోను వీడియోలో తెలుగు చెప్పే పని ఇచ్చింది. పిల్లలందరూ పరదేశాల్లో ఉన్నవాళ్ళే. అట్లా నాకు దొరికిన పిల్లల్లో ఒక పాప నార్వే దేశంలో ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. తొమ్మిదేళ్ళది. తండ్రి అక్కడి ఆసుపత్రిలో పని చేస్తాడు. శనివారం వాళ్ళకు పొద్దున తొమ్మిదిన్నర అయితే మాకు మధ్యాహ్నం రెండు.

"మేడమ్, అర గంట ఎందుకు?" అని మొదటి క్లాసులోనే అడిగింది ఆ పాప. వాళ్ళ బడిలో వేరే దేశాల పిల్లలున్నారట. అందరి అవ్వాతాతల ఊళ్ళకూ గంటల లెక్కలోనే తేడా ఉందట, తనకొక్కదానికే నాలుగున్నర వచ్చిందట. మన దేశం అట్లా పెట్టుకుంది అని చెప్పాను. "బాగుంది" అంది.

ఆమె గది కిటికీకి కాగితంతో చేసిన ఒక నక్షత్రం వేలాడుతూ ఉండేది, లోపల బల్బు పెట్టి. డిసెంబరులో ఆ బల్బు వెలుగు తప్ప కిటికీ నల్లగా ఉండేది. పొద్దున తొమ్మిదిన్నరకు చీకటి. వాళ్ళ ఊళ్ళో రెండు నెలలు సూర్యుడు రాడన్న సంగతి నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను. కానీ చదవటం వేరు, పళ్ళు తోముకుని వచ్చి కూర్చున్న చిన్నపిల్ల వెనకాల ఆ చీకటి చూడటం వేరు.

ఒక శనివారం ఆ పాప నా వెనక గోడ వైపు వేలు చూపించి, "మేడమ్, అది ఏ లైటు?" అని అడిగింది.

"లైటు కాదు. ఎండ."

"ఎండ అంటే?"

ఆ పిల్లకు సూర్యుడు అనే మాట తెలుసు. సంస్థ వాళ్ళు ఇచ్చిన బొమ్మల్లో గుండ్రంగా, నవ్వు ముఖంతో సూర్యుడు ఉన్నాడు. ఎండ మాత్రం ఆ బొమ్మల్లో లేదు. ఎండను బొమ్మలో ఎట్లా చూపిస్తాను? ఫోను పట్టుకుని మిద్దె మీదికి వెళ్ళాను.

మిద్దె మీద మా అత్త శెనక్కాయలు ఆరబోస్తూ ఉంది. అత్తది చోరనూరు అనే పల్లె. వయసులో కూలికి పోయిన మనిషి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. పక్క మిద్దెల మీద జీన్సు ప్యాంట్లు వరసలు వరసలుగా ఆరుతున్నాయి. మా ఊళ్ళో ఆ కుట్టు పని చాలా ఇళ్ళకు జీవనం, మా ఇంటాయన కూడా అట్లాంటి ఒక యూనిట్‌లోనే సూపర్‌వైజరు. వాటికి అవతల గడ్డి మొలవని బండల కొండ, దాని మీద కోట. వీటన్నిటి మీదా ఎండ. నేను ఫోనును మెల్లగా తిప్పాను. ఫోనులో చూస్తున్నా ఆ పాప కళ్ళు చికిలించుకుంది.

అత్త నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏం పాపా, మీ ఊర్లో పొద్దు పొడవనే లేదంటనే?"

"లేదు. జనవరిలో వస్తాడు."

"అట్లయితే బట్టలు యాడ ఆరేస్తారు?"

"మెషిన్లో."

"శెనక్కాయలు?"

"శెనక్కాయలు లేవు."

అత్త నా వైపు చూసి, నిజంగా బాధపడుతూ, "పొద్దూ లేదు, శెనక్కాయలూ లేవు. బిడ్డ ఎట్ల ఉంటాందో ఏమో ఆ ఊర్లో" అంది. పాప పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి అత్త ఆమెకు అవ్వ అయింది.

ఆ తర్వాత ప్రతి శనివారం పాఠం అయ్యాక కాసేపు మా రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడు మీ ఊళ్ళో ఏం జరుగుతోంది, ఇప్పుడు మా ఊళ్ళో ఏం జరుగుతోంది. పాప చెప్పేది: మంచు తోసే బండి వచ్చి వెళ్ళింది, దాని మోతకు లేచాను. బడికి పోయేటప్పుడు వెలుతురు పడితే మెరిసే పచ్చ కోటు వేసుకోవాలి, లేకపోతే కార్లవాళ్ళకు కనబడము. రేవు దగ్గర చేపల వాసన. నేను చెప్పేదాన్ని: నల్లిలో, అంటే కొళాయిలో, నీళ్ళు రాలేదు, వారం దాటింది. కరెంటు పోయి వచ్చింది. పొద్దున బొరుగులతో ఉగ్గాని చేశాను. సండూరు ఇనుప గనుల వైపు నుంచి వచ్చే లారీల దుమ్ముకు చోరనూరు దారిలో చెట్ల ఆకులు ఎర్రగా ఉంటాయి. "ఎర్ర ఆకులా?" అని ఆమె ఆశ్చర్యపోయేది. వాళ్ళ ఊళ్ళో ఆకులు చలికి ఎర్రబడతాయట.

జనవరిలో ఒక శనివారం పాప గుండ్రటి తీపి రొట్టె ఒకటి ఎత్తి చూపించింది. సూర్యుడు తిరిగి వచ్చిన రోజున ఊరంతా అవి తింటారట, బడిలో పిల్లలందరినీ బయటికి తీసుకుపోయారట.

"అవ్వతో చెప్పండి మేడమ్, పొద్దు వచ్చినాది. యాడుందో అని చూస్తాంటే కొండ మీద కొంచెం కనపడింది."

నేను బడిలో అన్నేళ్ళు పని చేశాను. ఒక పిల్ల నోట, ఎవరూ అప్పజెప్పమనకుండా, తనకు జరిగిన సంగతి అట్లా సొంత మాటలో రావటం ఎప్పుడో గానీ జరగదు. ఆ సాయంత్రం వంట చేస్తూ కూడా అదే తలుచుకున్నాను.

ఫిబ్రవరిలో కోఆర్డినేటరు ఫోను చేశాడు. చిన్నవాడు, మర్యాదస్తుడే. మాకు క్లాసుల వేళలు చెప్పటం, తల్లిదండ్రుల ఫిర్యాదులు చేరవెయ్యటం అతని పని.

"మేడమ్, నార్వే క్లయింట్ నుంచి కొంచెం ఫీడ్‌బ్యాక్ వచ్చింది. క్లాసులో మీరు మిద్దె మీదికి వెళ్తున్నారట. వెనకాల సౌండ్ ఎక్కువగా ఉందట. ఇంకోటి, భాష."

"భాషకేమైందప్పా?"

"పాప యాడ, ఏంది, వచ్చినాది, అట్లా మాట్లాడుతోందట. వాళ్ళ అమ్మగారు కొంచెం ఇబ్బందిపడ్డారు."

"అవి తెలుగు మాటలే."

"తెలుగే మేడమ్, స్టాండర్డ్ కాదు కదా. ఇంకా, మీ ఊళ్ళో వారం పది రోజులకోసారి నీళ్ళొస్తాయని పాప బడిలో కూడా చెప్పిందట. ఇండియా అంటే పిల్లల్లో మంచి ఇంప్రెషన్ ఉండాలని వాళ్ళ కోరిక. మన స్లైడ్లున్నాయి కదా, అవి చాలు."

ఆ స్లైడ్లలో "మా ఊరు" అనే పాఠం ఒకటుంది. ఒక గుడిసె, ఒక ఎడ్లబండి, తామరపూల కుంట, తలపాగా చుట్టుకుని నవ్వుతున్న రైతు. నేను బళ్ళారిలో పుట్టి పెరిగాను. ఆ ఊరిని ఎన్నడూ చూడలేదు. చోరనూరులో పుట్టిన మా అత్తకు చూపించాను. ఆమె ఫోనును దూరంగా పట్టుకుని చాలాసేపు చూసి, "ఈ ఊర్లో పనెవరు చేస్తారే? అందరూ నవ్వుకుంటా నిలబడుకోని ఉండారు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు రాకపోవటం నా తప్పా? లేని కుంటలో లేని తామరలు చూపిస్తే అది మన సంస్కృతి, ఉన్న నల్లిలో లేని నీళ్ళ గురించి చెబితే అది చెడ్డ ఇంప్రెషన్. పిల్ల తన ఊరి చీకటిని ఉన్నదున్నట్టు చెప్పింది. అది నార్వేకు అవమానమని అక్కడ ఎవరూ అనుకోలేదు. మా ఊరి సంగతి మాత్రం కప్పి పెట్టాలి. అయినా పని కావాలి కాబట్టి నోరు మూసుకున్నాను. కొన్ని వారాలు గుడిసె, ఎడ్లబండి, తామరపువ్వు చెప్పాను. "అవ్వ ఎక్కడ?" అని పాప అడిగితే, "పనిలో ఉంది" అన్నాను. అత్త వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఇటు రావాలో వద్దో తెలియక నా ముఖం చూసేది.

ఆ తర్వాతే గడియారం మారింది.

ఒంటిగంట అంటే మా ఇంట్లో ఏమిటో చెప్పాలి. ఆయన యూనిట్ నుంచి భోజనానికి వచ్చేది ఆ వేళకే. అత్త మాత్ర వేసుకోవాలంటే ముందు తినాలి, జొన్నరొట్టె వేడిగా లేకపోతే ఆమెకు మింగుడు పడదు. ఏప్రిల్ ఎండకు రేకుల వంటిల్లు పొయ్యి కన్నా ఎక్కువ కాగుతుంది. ఆ వేళకు నేను చెమట తుడుచుకుని, తల దువ్వుకుని, నవ్వు ముఖంతో ఫోను ముందు కూర్చోవాలి. పాత వేళకే పెట్టమని కోఆర్డినేటరును అడిగాను.

"కుదరదు మేడమ్. క్లయింట్ టైమ్ ఫిక్స్‌డ్. వాళ్ళ తొమ్మిదిన్నర తొమ్మిదిన్నరే."

"మరి మా రెండు రెండు కాదా?"

"టీచర్ సైడ్ ఫ్లెక్సిబుల్ అని ముందే చెప్పాం కదా మేడమ్."

మరుసటి వారం మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే జవాబు. ఫ్లెక్సిబుల్ అన్న మాట వింటే నాకు మా వీధి గుర్తుకొస్తుంది. పక్కింటి కోడలు ఏదో దేశపు ఆసుపత్రి బిల్లులు రాస్తుంది, వాళ్ళకు తెల్లవారినప్పుడు ఈమె నిద్ర మానుకోవాలి. ఎదురింటాయన ఇంట్లోనే ఉండి వాళ్ళెవరివో కంప్యూటర్లు బాగుచేస్తాడు, వాళ్ళ పండగలే ఇతనికి సెలవులు. వంగేది ఎప్పుడూ ఇటువైపే. సూర్యుడు వాళ్ళకూ మాకూ ఒకడే అయినప్పుడు, వాళ్ళ గంటకు ఉన్న గట్టిదనం మా గంటకు ఎందుకు లేదో ఇంతవరకూ ఎవరూ నాకు చెప్పలేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం. నీళ్ళు రాక పది రోజులు దాటింది. నేను క్లాసు మొదలుపెట్టి "ఇంటి భాగాలు" అనే పాఠం తీశాను. అప్పుడే కరెంటు పోయింది. వీధిలో ఎవరో కన్నడంలో "నీరు బంతు, నీరు బంతు" అని కేక వేశారు. నీళ్ళొచ్చాయి.

కరెంటుంటే మోటరు వేసి ట్యాంకుకు ఎక్కించుకోవచ్చు. లేకపోతే వాకిట్లో గుంతలో ఉన్న నల్లి కింద బిందె పెట్టి, నిండాక ఎత్తి, మెట్లెక్కి లోపలి డ్రమ్ములో పొయ్యాలి. ఆ రోజు యూనిట్‌లో పని ఎక్కువై ఆయన భోజనానికి రాలేదు. ఇంట్లో నేనూ అత్తా. అత్త నన్ను పిలవలేదు. క్లాసులో పిలవకూడదని ఆమెకు చెప్పి ఉన్నాను. బిందె చంకన పెట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతూ ఉంది. నేను ఆమె వైపు చూస్తూ "ఇది వంటగది. ఇది పడకగది" అంటున్నాను.

రెండో బిందెకు ఆమె కాలు తడబడింది. పడలేదు, గోడను ఆనుకుని నిలబడింది. నీళ్ళు మెట్ల మీద ఒలికిపోయాయి. నేను లేచాను.

"పాపా, మా ఇంట్లో నీళ్ళొచ్చినాయి. నేను పోయి పట్టుకోవాలి. నువ్వు చూస్తావా?"

"చూస్తా మేడమ్."

ఫోనును వాకిట్లోకి కనబడేటట్టు కిటికీలో నిలబెట్టాను. చీర ఎగ్గట్టి దోపుకుని గుంతలోకి దిగాను. అత్తను మెట్టు మీద కూర్చోబెట్టి బిందె మీద బిందె మోశాను. ఊరికే మొయ్యటం ఎందుకని నా పని నేను పైకి చెప్పటం మొదలుపెట్టాను. బిందె పెట్టినాను. నీళ్ళు పడతాండాయి. ఎత్తుతాండాను. ఒంపుతాండాను. కిటికీలోంచి పాప గొంతు నా వెనకే వల్లించింది. అత్తకు హుషారొచ్చింది.

"పాపా, బాగుండావా?"

"బాగుండాను అవ్వా. నీళ్ళు మళ్ళా ఎప్పుడొస్తాయి?"

"వాల్వు తిప్పేటాయనకు బుద్ధి పుట్టినప్పుడు."

డ్రమ్ము సగం నిండేసరికి ఫోనులో ఇంకో గొంతు వినపడింది. పాప తల్లి. అంతకుముందు ఆమెను నేను ఒకసారే చూశాను.

"టీచర్ గారూ, ఏంటండీ ఇది? క్లాసు జరుగుతోందా?"

నేను తడి చేతులతో కిటికీ దగ్గరికి వెళ్ళాను. చాలా వారాల కోపం నా గొంతులో ఉంది.

"జరుగుతాందండీ. క్రియలు చెబుతున్నాను. మీ ఊళ్ళో గంట మారింది. మా ఊళ్ళో నీళ్ళ గంట మీ గంటతో పాటు మారదు. మా అత్త ఇప్పుడే మెట్ల మీద పడబోయింది. ఆమె బిందెలు మోస్తూ ఉంటే నేను కూర్చుని పడకగది అని చెప్పలేను. పాత వేళకు పెట్టమని అడిగితే మీ తొమ్మిదిన్నర కదలదన్నారు."

"నాకెవరూ చెప్పలేదండీ," అంది ఆమె. "అయినా ఆ భాష... నేను ముందే చెప్పాను" అంది.

"ఆ భాష మీకేం అన్యాయం చేసిందమ్మా?"

ఆమె పాపను పక్క గదిలోకి పంపించింది.

"మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె," అంది. "హైదరాబాదు హాస్టల్లో చేరాక నేను యాడ అన్నప్పుడల్లా నా పక్క మంచాల అమ్మాయిలు వంతులు వేసుకుని నన్ను అనుకరించేవాళ్ళు. భోజనాల దగ్గర, బాత్రూముల దగ్గర. ఆ ఏడాదంతా నేను దాదాపు నోరు విప్పలేదు. నా కూతురికి అది వద్దు."

కళ్యాణదుర్గం మాకు బస్సులో పోయి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరం.

"నార్వేలో ఎవరు నవ్వుతారమ్మా?" అన్నాను.

మెట్టు మీద నుంచి అత్త గొంతు పెంచింది.

"ఎవరే ఆ యమ్మ? కళ్యాణదుర్గమా? మీ యమ్మ ఉండాదామ్మా?"

"ఉండాది" అంది ఆమె. తర్వాత, ఎవరో వింటున్నట్టు, "ఉన్నారండీ" అని దిద్దుకుంది.

ఆ దిద్దుకోవటం చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తన తల్లి బతికుందని చెప్పటానికి ఆమెకు రెండు మాటలు కావలసి వచ్చాయి. నల్లి కింద బిందె నిండి పొర్లిపోతోంది. నేను వెళ్ళి దాన్ని తీశాను. తిరిగొచ్చి చూస్తే ఫోనులో కాల్ ఆగిపోయి ఉంది.

సోమవారం కోఆర్డినేటరు నుంచి మెసేజీ. క్లయింట్ సౌకర్యార్థం మీ క్లాసు శనివారం మధ్యాహ్నం రెండింటికి మార్చబడింది, అని. నేను అతనికి ఫోను చేశాను.

"నేనడిగితే కుదరదన్నావు కదప్పా?"

"మీరడిగితే కుదరదు మేడమ్. వాళ్ళడిగారు."

అతను ఎగతాళిగా అనలేదు. తనకు తెలిసిన నియమం చెప్పాడు. అందుకే ఇంకా మండింది. ఆమెకు ఒక్క మాటతో అయిపోయింది. భాష సంగతేమిటని అడిగితే, ఆ ఫిర్యాదు వాళ్ళు వెనక్కి తీసుకున్నారని చెప్పాడు. క్లాసు మధ్యలో ఇంటి పనులు చెయ్యకూడదని మాత్రం నాకు ఒక హెచ్చరిక నమోదు చేశారట. నమోదు చేసుకోమన్నాను. మళ్ళీ నీళ్ళొచ్చి కరెంటు పోతే మళ్ళీ లేస్తానని కూడా చెప్పాను.

క్లాసు ఇంకా నడుస్తోంది. మే నెలలో పాప కిటికీకి నల్ల పరదా వేసుకుంది, పొద్దు ఇంక కుంకదట, నిద్ర పట్టటం లేదట. అత్త దానికి కూడా బాధపడింది. తల్లి అప్పుడప్పుడు వచ్చి కూతురి పక్కన, తెరలో సగం కనబడేటట్టు కూర్చుంటుంది. మా అత్త మాటలు వింటుంది. తాను ఎక్కువ మాట్లాడదు. నన్ను టీచర్ గారూ అనే పిలుస్తుంది. పోయిన వారం మాత్రం, అత్త రొట్టెలోకి ఏం చేసిందో చెబుతుంటే, గోంగూరలో శెనిగిత్తనాల పొడి ఎప్పుడు వేస్తారని అడిగింది. అడిగేటప్పుడు ఆమె నోట ఆ మాట మా ఇంటి మాటలాగే వచ్చింది. ఈసారి దిద్దుకోలేదు.

ఆమె మీద నా కోపం చాలావరకు పోయింది. హాస్టల్లో ఆ పక్క మంచాల అమ్మాయిలు ఎవరో నాకు తెలియదు. ఇప్పుడు వాళ్ళూ ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉంటారు. ఆ నవ్వు వాళ్ళకు గుర్తు కూడా ఉండదు. వాళ్ళ మీద కోపం మాత్రం నాకు అణువంత కూడా తగ్గలేదు.